వీపుకు వేడి కొట్టిన పరుపు

విజిలూ, తాళంచెవీ

ఫిజికల్ డైరెక్టరుగా చేరిన రోజున కాలేజీ వాళ్లు మీ చేతిలో ఒక విజిలు, ఒక బీరువా తాళంచెవి పెడతారు. బీరువా తెరిస్తే గాలి పోయిన బంతులు, ఎలుకలు కొరికిన వాలీబాల్ నెట్టు కనిపిస్తాయి. పంపు ఉంటుంది గాని దాని సూది ఉండదు. మొదటి వారమంతా ఆ సూది కోసం తిరగడంతోనే సరిపోతుంది. నేను బందరులో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఈ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, "మీ అనుభవాలు చెప్పండి మేడమ్" అంటుంటారు. గెలిచిన కప్పుల గురించి చెప్తాననుకుని వస్తారు. నేను ఒక పరుపు గురించి చెప్తాను.

ముందే చెప్తున్నాను, ఇది చదివితే మీకు హుషారు రాదు. ఈ ఉద్యోగంలో మీరు చేసే అసలైన పని టైంటేబుల్లో ఉండదు. అందుకే దాన్ని మూసెయ్యడానికి ఎవరికీ పెద్ద కారణం కూడా అక్కర్లేదు. నా రిటైర్మెంట్ సభలో శాలువా కప్పి, క్రీడలకు ఎనలేని సేవ చేశానన్నారు. ఆ శాలువా కింద కూర్చున్నంతసేపూ నాకు పెడన పిల్ల భవాని ముఖమే గుర్తొచ్చింది.

కరకట్ట మీద

మన ప్రాంతంలో ఎత్తు అంటే కాలవ వంతెన. బందరు నుంచి గుడివాడ వెళ్లినా, అవనిగడ్డ దాటి దివిసీమ చివరిదాకా వెళ్లినా కంటికి అడ్డంపడే కొండ ఒక్కటీ లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను హిమాచల్‌లో ఒక పర్వతారోహణ శిబిరానికి పంపారు. అక్కడ నడిచిన ఆ కొన్నాళ్లు నా జీవితంలో అన్నిటికంటే మంచి రోజులు. తిరిగొచ్చాక మా పిల్లల్ని కూడా తీసుకెళ్లాలని పట్టుబట్టాను. కొండ లేకపోతే ఏం, కరకట్ట ఉంది. వీపుకు ఇసుక సంచులు కట్టి ఆదివారాలు కృష్ణ కరకట్ట మీద నడిపించేదాన్ని. పొలాల్లో వాళ్లు పని ఆపి చూసేవాళ్లు. "లారీలు దొరకలేదా అమ్మా?" అని ఒకాయన నిజంగానే జాలిపడి అడిగాడు.

రెండువేల సంవత్సరం దాటాక ఆ బృందంలోకి వచ్చింది భవాని. వాళ్ల నాన్న పెడనలో కలంకారీ బట్టల మీద అచ్చులు వేస్తాడు. అచ్చు వేసిన బట్టల్ని పారే కాలవలో జాడించి, తడి మోపుల్ని గట్టుకు ఈడ్చడం చిన్నప్పటినుంచీ ఈ పిల్ల పని. ఆ భుజాలకు ఇసుక సంచి లెక్కే కాదు. మాట తక్కువ, నడక ఎక్కువ. ముందు వరసలో నడుస్తూనే వెనక ఎవరు నీరసపడ్డారో కనిపెట్టేది. నా సర్వీసులో అలాంటి పిల్లను మళ్లీ చూడలేదు.

హిమాచల్‌లో మా శిక్షకుడు నేగీ గారని ఒకాయన. అప్పటికి మంచుదాకా వెళ్లని ఒక చిన్న యాత్రలో భవాని నడకను చూసి ఉన్నారు. ఈసారి మనాలీ పైనున్న కనుమ దాటి వస్తే పర్వతారోహణ కోర్సుకు తానే సిఫారసు చేస్తానని, అది పూర్తిచేస్తే ఆడపిల్లల శిబిరాల్లో శిక్షకురాలిగా పని దొరుకుతుందని చెప్పారు. నేను పెడన వెళ్లి వాళ్ల నాన్నతో మాట్లాడాను. ఆయన చేతికున్న రంగంతా గుడ్డకు తుడుచుకున్నాడు.

"ఈ ఒక్కసారికి పంపుతానండీ మేడంగారూ" అన్నాడు చివరికి. "దాటి వస్తే ఆ కోర్సేదో చెయ్యనిద్దాం. దాటలేకపోతే మటుకు ఇక్కడే ఏదో పని చూసుకుంటది. మళ్లీ మళ్లీ పంపడం నా వల్ల కాదండీ."

భవాని గుమ్మంలో నిలబడి వింటోంది. అంటే ఆ పిల్ల బతుకు ఎటు తిరగాలన్నది ఒక్క కనుమ మీద ఆధారపడి ఉంది. ఆ సంగతి నాకూ తెలుసు, ఆ పిల్లకూ తెలుసు.

మిల్లులో పరీక్ష

మా కాలేజీ కరెస్పాండెంట్ గారిది గుడివాడలో రైసు మిల్లు. మంచి మనిషి. పిల్లల ఆటలకంటూ ఏది అడిగినా కాదనేవారు కాదు. బాసుల గురించి మీకు ఒక మాట చెప్పాలి. చెడ్డ బాసుతో ఎలా వేగాలో నెల తిరక్కుండానే నేర్చుకుంటారు. మంచి బాసు పొరపాటు పడితే ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పటిదాకా మేం ఫోమ్ చాపలు చుట్టుకుని వెళ్లేవాళ్లం. రైల్లో పెట్టడానికీ, వీపున మొయ్యడానికీ అవి పెద్ద అవస్థ. ఈసారి గాలి ఊదుకునే పరుపులు కొందామన్నారు కరెస్పాండెంట్ గారు. విజయవాడ సప్లయరు ఒకటి తెచ్చి ఇచ్చాడు. రబ్బరు పూత వేసిన బట్ట, లోపల వట్టి గాలి. నేగీ గారు ఇంకొకటి నమూనాగా పంపించారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, బరువులోనూ పెద్ద తేడా లేదు. కాకపోతే నేగీ గారు పంపినదాని లోపల గాలితోపాటు దూదిలాంటి సన్నటి పీచు నింపి ఉంటుంది. నేల చలిని పైకి రానివ్వకుండా ఆపేది ఆ పీచే.

రోహిణీ కార్తె. కరెంటు లేదు. ప్రిన్సిపాల్ మేడమ్, నేను, భవాని మిల్లు ఆఫీసుకు వెళ్లాం. కరెస్పాండెంట్ గారు సిమెంటు నేల మీద రెండు పరుపులూ పక్కపక్కన పరిపించి, కండువా తీసి కుర్చీకి వేసి, ముందు పీచు పరుపు మీద పడుకున్నారు. కాసేపటికే లేచి కూర్చున్నారు.

"ఇదేంటమ్మా, పెనం మీద పడుకున్నట్టుంది. వీపుకు వేడి కొడుతోంది."

"అది మీ వేడేనండీ" అన్నాను. "మీ ఒంటి వేడిని నేలలోకి పోనివ్వకుండా మళ్లీ మీకే ఇస్తోంది."

"నా వేడి నాకెందుకమ్మా?" అన్నారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆయన రెండోదాని మీద పడుకుని కళ్లు మూసుకున్నారు. సిమెంటు నేల చల్లదనం ఆ వట్టి గాలిలోంచి హాయిగా పైకి వస్తోంది. "ఇదమ్మా పరుపంటే" అన్నారు. ప్రిన్సిపాల్ మేడమ్ రెండింటినీ అరచేత్తో తడిమి చూశారు. "అంత వేడి పుట్టేదాని మీద రోజూ పడుకుంటే ఆడపిల్లల ఒంటికి వేడి చేస్తుందండీ" అన్నారు. ఆవిడ ఫిజిక్సు చెప్పేవారు.

ఎవర్నీ తప్పుపట్టలేను. మనం పుట్టిన దగ్గర్నుంచీ నేల అంటే చల్లదనమే. ఎండాకాలం గచ్చు కడిగి, తడారకముందే చాప వేసుకుని వీపు ఆనించడం మనకు తెలిసిన సుఖం. నేల మనిషిలోంచి వేడిని పీల్చేస్తుందంటే అది మంచి సంగతే అనుకుంటాం. అదే నేల ఒకచోట ప్రాణం మీదికి తెస్తుందని చెప్తే ఎవరి బుర్రకూ ఎక్కదు.

"కొండమీద చలి కింద నుంచి వస్తుందండీ" అన్నాను.

"చలి గాలికి కదా వచ్చేది? కావాలంటే ఇంకో రెండేసి రగ్గులు కొందాం. డబ్బు సంగతి నాకొదిలెయ్యండి."

"పోనీ గిలకలదిండి చేపల రేవులో ఐసు ఫ్యాక్టరీకి వెళ్దాం. ఐసు దిమ్మల మీద ఈ రెండూ వేసి పడుకుని చూద్దాం. అప్పుడు చెప్పండి."

ఈసారి నవ్వింది వాళ్లే, నేను నవ్వలేదు. "చేపల పక్కన ఆడపిల్లల్ని పడుకోబెడతారా మేడమ్?" అన్నారు ప్రిన్సిపాల్. కరెస్పాండెంట్ గారు భవానిని పిలిచి, వెళ్లేది నువ్వు కాబట్టి నువ్వే చెప్పమన్నారు. ఆ పిల్ల మొహమాటపడుతూ రెండింటి మీదా పడుకుని చూసింది. నుదుటికి పట్టిన చెమట చున్నీతో తుడుచుకుంది.

"చల్లగా ఉన్నదే బాగుంది మేడమ్" అంది నావైపు చూసి.

హంసలదీవి

నా పోరు పడలేక ఒక ట్రయల్ క్యాంపుకు ఒప్పుకున్నారు. అవనిగడ్డ నుంచి కోడూరు మీదుగా హంసలదీవి దాకా నడిచి, నది సముద్రంలో కలిసే దగ్గర ఇసుకలో కొత్త పరుపులు వేసుకుని పడుకున్నారు పిల్లలు. ఇసుక చల్లగా ఉంది, సముద్రం గాలి ఉంది. తెల్లవారాక కరెస్పాండెంట్ గారు కారులో ఇడ్లీలు తెచ్చి, "నిద్ర ఎట్లా పట్టిందమ్మా?" అని ఒక్కొక్కరినీ అడిగారు. చాలా బాగా పట్టిందండీ అన్నారందరూ. అబద్ధం కాదు. ఆయన నావైపు తిరిగి చూశారు. మర్నాడే ప్రిన్సిపాల్ మేడమ్ ఆ నమూనా పరుపును పార్సిల్ చేయించి నేగీ గారికి తిప్పి పంపేశారు.

ఒక వస్తువును ఎక్కడ వాడాలో అక్కడ కాకుండా మనకు సుఖంగా ఉన్నచోట పరీక్షిస్తే, ఆ పరీక్ష పెట్టకపోవడమే నయం. అసలు పరీక్షే పెట్టకపోతే కనీసం అనుమానమన్నా మిగిలి ఉండేది. హంసలదీవి తర్వాత నా మాట గోడకు చెప్పుకున్నట్టే అయింది.

కనుమ కింద

ఎండాకాలం సెలవుల చివర్లో బయల్దేరాల్సిన యాత్ర, ఈ పరుపులూ ట్రయలూ అంటూ ఆలస్యమై దసరా సెలవులకు జరిగింది. మొదటి మజిలీలో వాగు పక్కన గడ్డి మీద డేరాలు వేశాం. తెల్లారేసరికి గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుపోయి ఉంది. పిల్లలు మూడేసి రగ్గులు కప్పుకుని కూడా పళ్లు టకటకలాడిస్తూ బయటికొచ్చారు. పొట్ట వెచ్చగానే ఉందంటారు, వీపు మటుకు తెలియడం లేదంటారు. "నాకు వీపు లేదు మేడమ్" అంది ఒక పిల్ల. అది నవ్వు పుట్టించే మాటే. ఎవరూ నవ్వలేదు.

నేగీ గారు డేరాలోకి వంగి ఒక పరుపును అరచేత్తో నొక్కి చూశారు. "ఇవి ఈత కొలనులో వేసుకునేవి కదా. నేను పంపినదాన్ని ఎందుకు తిప్పి పంపారు?" అన్నారు హిందీలో. వీపుకు వేడి కొట్టిందని తిప్పి పంపారని ఆయనకెలా చెప్పను? ఏదో నసిగాను. ఆ రోజు తాళ్లూ, ఖాళీ సంచులూ, అట్టపెట్టెలూ, దొరికిన ఎండుగడ్డీ అన్నీ పరుపుల కింద పరిపించాం. కొంత పనిచేశాయి.

పై మజిలీలో ఎండుగడ్డి లేదు. రాళ్ల మధ్య మంచు ఉంది. ఉన్న సంచులూ అట్టలూ అందరికీ చాలవు. బృందానికి నాయకురాలు కదా, భవాని తన వాటా తీసి జ్వరం తగిలిన పిల్లల కింద వేసింది. ఆ సంగతి నాకు తెల్లవారాకే తెలిసింది. అప్పటికి తను బూట్ల లేసులు ముడి వెయ్యలేకపోతోంది. వేళ్లు మాట వినడం లేదు. దగ్గితే గొంతులోంచి వచ్చే చప్పుడు నాకు నచ్చలేదు. నేగీ గారు ఆ పిల్ల వీపుకు చెవి ఆనించి విని, కిందికి దించాల్సిందే అన్నారు.

కనుమ కళ్లెదురుగానే ఉంది. రంగు జెండాలు కట్టిన కర్ర కూడా కనిపిస్తోంది.

"ఇంకొక్క పూట చూద్దాం మేడమ్. ఎండ వస్తే సర్దుకుంటది" అంది భవాని.

"వద్దు" అన్నాను. ఇప్పుడైనా అదే అంటాను. ఆ ఊపిరి విన్నవాళ్లెవరూ ఇంకో మాట అనరు. ఆ పిల్ల మళ్లీ అడగలేదు. దిగుతున్నంతసేపూ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. అది నాకు ఏడుపు కంటే కష్టంగా తోచింది. వీడ్కోలప్పుడు నేగీ గారు, సరైన పరుపులు తీసుకుని వచ్చే ఏడు రమ్మన్నారు. సిఫారసు మాట మారదన్నారు.

వచ్చే ఏడు రాలేదు. బందరు ఆసుపత్రిలో భవాని మంచం పక్కన కూర్చుని కరెస్పాండెంట్ గారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మందులన్నీ ఆయనే కొన్నారు. బయటికొచ్చాక నాతో అన్నారు, "మన డెల్టా పిల్లల ఒంటికి ఆ చలి పడదమ్మా. ఇంక ఈ కొండలు వద్దు."

"ఒంటిది కాదండీ తప్పు. పరుపుది."

"ఆ పరుపు మీద నేను పడుకున్నానమ్మా. ఎంత హాయిగా ఉందని."

ఆయన కోపంగా ఉంటే పోట్లాడేదాన్ని. ఆయన ఏడుస్తున్నారు. పేపర్లో వచ్చినా, స్టాఫ్ రూములో మాట్లాడుకున్నా, పెడనలో అనుకున్నా అందరి నోటా అదే మాట. కాలవలో నానిన ఒళ్లు, చలికి ఏం ఆగుతుందని. నేను భవానితో ఎన్నోసార్లు చెప్పాను, నీ ఒంట్లో ఏ లోపం లేదని. బుద్ధిగా తలూపేది. వాళ్ల నాన్న ఇచ్చిన ఒక్క అవకాశం అయిపోయింది. కాలేజీలో బృందమే మూతపడ్డాక ఆ పిల్లను మళ్లీ పంపమని అడగడానికి నాకూ మొహం చెల్లలేదు.

పరుపు కొనేవాళ్లకు

అయినా చెప్తాను, మీలో ఒక్కరైనా ఎక్కడికైనా పిల్లల్ని తీసుకెళ్తారేమోనని.

గాలి పరుపు మందం చూసి మోసపోకండి. లోపల ఏమీ లేకపోతే ఆ గాలి తిరుగుతూ మీ వేడిని తీసుకెళ్లి నేలకు ఇచ్చేసి వస్తుంది. మందం పెరిగినకొద్దీ ఒత్తుకోదు, అంతే. చలి ఆగాలంటే లోపల పీచో, ఫోమో, పక్షి ఈకలో ఉండాలి. ఈమధ్య మెరిసే పొరలు పెట్టినవి కూడా వస్తున్నాయి. నేల చలిని ఎంత ఆపుతుందో కంపెనీ వాళ్లు ఒక అంకె వేస్తారు, మంచులోకి వెళ్లేవాళ్లు ఆ అంకె ఎక్కువ ఉన్నదే తీసుకోవాలి. ఆడపిల్లలకైతే ఇంకాస్త ఎక్కువ చూడండి, నిద్రలో వాళ్లకు చలి తొందరగా తెలుస్తుంది. పైన రగ్గులు పెంచి లాభం లేదు. రగ్గయినా, స్లీపింగ్ బ్యాగయినా ఒంటి కింద నలిగిపోయిన భాగం ఎందుకూ పనికిరాదు.

ఈకలున్నదాన్ని నోటితో ఊదకండి, ఊపిరి తేమకు లోపల ముద్దకడుతుంది. దాంతోపాటు ఇచ్చే సంచితో గాలి నింపండి. సాయంత్రం బిగువుగా నింపింది చలికి మెత్తబడితే పంక్చరనుకుని కంగారుపడకండి, చల్లబడిన గాలి కుంచించుకుంటుంది. నిజంగా పంక్చరైతే సైకిలు ట్యూబు లాగే నీళ్లలో ముంచి బుడగ చూసుకోవచ్చు, కాని సైకిలు షాపు ప్యాచీ ఈ బట్టకు అంటదు. దాని ప్యాచీలు దానికే ఉంటాయి. అన్నిటికీ మించి, కింద ఒక పల్చటి ఫోమ్ చాప కూడా తీసుకెళ్లండి. మోతబరువు తగ్గుతుందని దాన్ని ఇంట్లో వదిలేస్తే నిద్రలేని ఒళ్లు మోసుకుని నడవాలి. అది ఎక్కువ బరువు.

మన ఊళ్లో పడుకుని చూసి మాత్రం కొనకండి. మంచి పరుపు ఇక్కడ చెడ్డగానే ఉంటుంది.

ఐసు దిమ్మ

రిటైరైన రోజు బీరువా అప్పగిస్తూ, అతుక్కుపోయి ఉన్న ఆ పాత గాలి పరుపుల్లో కాస్త బాగున్నదాన్ని అడిగి తెచ్చుకున్నాను. కొన్నాళ్లకు ఢిల్లీ నుంచి పీచు నింపిన పరుపు ఒకటి తెప్పించాను. ఎందుకని అడిగితే చెప్పలేను. నాకింక ఏ కొండా ఎక్కే మోకాళ్లు లేవు.

భవాని అప్పటికి బందరులో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్ టీచరు. ఆ స్కూలుకు గ్రౌండు లేదు. పొద్దున బస్సు డ్యూటీ, సాయంత్రం బస్సు డ్యూటీ, మధ్యలో ఎవరు రాకపోతే ఆ క్లాసులో కూర్చోవడం. కార్తీకం రాగానే మెడకు మఫ్లరు చుట్టుకునేదట. స్కూల్లో పిల్లలు మఫ్లర్ మేడమ్ అని పిలుస్తారని ఒకరు నాతో నవ్వుతూ చెప్పారు.

మర్నాటి ఆదివారం గిలకలదిండి వెళ్లి ఒక ఐసు దిమ్మ కొని, ఊకలో పెట్టించి, గోనెపట్టా చుట్టి, రెండు పరుపులతో సహా ఆటోలో పెడన వెళ్లాను. వాళ్ల అచ్చుల షెడ్డు వెనక దిమ్మను పగలగొట్టి పరిచాం. దాని మీద పాత పరుపు వేసి, పడుకోమన్నాను. "వద్దు మేడమ్, నాకు చలి పడదు" అంది. బతిమాలితే మఫ్లరుతోనే పడుకుంది. కాసేపటికి ముఖం మారిపోయింది.

"ఇదే మేడమ్" అంది లేచి కూర్చుని. "ఆ రోజు వచ్చిన చలి ఇదే."

పాతది తీసి, అదే ఐసు మీద కొత్తది వేశాను. పడుకుంది. చేతులు రెండూ పక్కన పెట్టుకుని షెడ్డు రేకుల వైపు చూస్తూ ఉంది. కింద ఐసు కరిగి నీళ్లు కాలవ కట్టాయి గాని ఆ పిల్ల లేవలేదు. తర్వాత మెల్లగా మఫ్లరు విప్పేసింది.

"వీపు వెచ్చగా ఉంది మేడమ్."

"అది నీ వేడే."

"మీరు ఇన్నేళ్లూ నన్ను ఓదార్చడానికి అలా చెప్తున్నారనుకున్నాను. నా ఒళ్లే అంతనుకున్నాను."

ఇప్పుడైనా వెళ్లవచ్చు కదా అందామనుకున్నాను. అడక్కుండానే జవాబు చెప్పింది. "ఇప్పుడు తెలిసి ఏం చేసుకోను మేడమ్? వారం సెలవు పెడితే ఉద్యోగం తీసేస్తారు." ఏడవలేదు. లేచి, పరుపు మూత తిప్పి, నేను హంసలదీవిలో నేర్పినట్టే మోకాలితో అదుముతూ గాలి చుక్క మిగలకుండా చుట్టి నా చేతికిచ్చింది. "వెళ్లేవాళ్లెవరన్నా ఉంటే ఇవ్వండి" అంది.

పరుపు నా దగ్గరే ఉంది. ఈ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు వచ్చినప్పుడల్లా బయటికి తీసి, గాలి నింపి, ఈ కథంతా చెప్తాను. మొన్న ఒకబ్బాయి అంతా శ్రద్ధగా విని, హాల్లో ఫ్యాను కింద దాని మీద పడుకుని చూశాడు. కాసేపటికి చొక్కా వీపు నుంచి లాక్కుంటూ లేచి కూర్చున్నాడు.

"బాగుంది మేడమ్. కాకపోతే కొంచెం వేడిగా ఉంది" అన్నాడు.